మూడు గేజీలు, మూడు మాటలు: ఏది నమ్మాలి?

గోదావరి జిల్లాల నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. క్లుప్తంగా సంగతి ఇది.

ఆయన వయసు 41. రెండేళ్ల కిందట తండ్రి పోయారు. తండ్రి వాడిన 1971 నాటి అంబాసిడర్ మార్క్ 2 ఇంట్లో ఉంది. 1489 సీసీ పెట్రోలు ఇంజను, ఇప్పటికీ ఒక్క తాళానికే స్టార్టవుతుంది. తండ్రి 1988లో డాష్‌బోర్డు కింద విడిగా ఒక ఆయిల్ ప్రెషర్ గేజీ బిగించుకున్నారు. సన్నని రాగి గొట్టం గుండా ఇంజనులోని ఆయిలే నేరుగా గేజీ దాకా వచ్చే పాతకాలపు రకం అది. పోయిన మాఘమాసంలో పెళ్లికి వెళ్తుండగా జగ్గంపేట దాటాక ఆ గొట్టం నట్టు దగ్గర చిట్లింది. వేడి ఆయిలు ముందు సీట్లో ఉన్న భార్య పాదం మీదా, కట్టుకున్న ధర్మవరం పట్టుచీర మీదా పడింది. ఆ గొట్టం ఉన్నంత కాలం కారెక్కనని ఆమె తేల్చి చెప్పారు.

గొట్టం మార్చిన గ్యారేజీ వారు, వేడెక్కిన ఇంజను ఐడ్లింగ్‌లో (బండి కదలకుండా ఇంజను నెమ్మదిగా తిరుగుతూ) ఉండగా గేజీ 12 పౌండ్లు (చదరపు అంగుళానికి) చూపడం చూసి, బేరింగులు పోయాయి, క్రాంక్ గ్రైండింగు చేయించాలి, 70 వేలు అవుతుందన్నారు. తండ్రి కాలం నుంచీ ఆ బండి చూస్తున్న మెకానిక్ ఒకరున్నారు. ఇంట్లో అందరూ ఆయన్ని బాబాయి అంటారు. ఆయన "ఇంజనుకేం కాలేదు, గేజీయే తప్పు" అని ఒక కొట్లో కొత్త ఎలక్ట్రిక్ గేజీ, మరో కొట్లో దానికి ఇంజను వైపు బిగించే సెండరు కొని తెచ్చి బిగించారు. ఎర్ర ఆయిల్ లైటుకు ఉన్న స్విచ్ ఊడదీసి ఆ చోటే సెండరు పెట్టారు. ఈలోగా డాలస్‌లో ఉన్న బావగారు ఒక డిజిటల్ గేజీ, దాని సెన్సరు పంపారు.

పాఠకుడు ఓపికగా మూడింటినీ మార్చి మార్చి పెట్టి చూశారు. ఇంజను బాగా వేడెక్కాక తండ్రి గేజీ ఐడ్లింగ్‌లో 12, అరవై వేగంలో 38 చూపింది. బాబాయి గేజీ ఐడ్లింగ్‌లో 70, వేగంలో 40. డిజిటల్ 21, 49. తండ్రి రాసుకున్న బండి పుస్తకంలో 1994 నాటి వరుసలో "వేడి మీద 20, పరుగులో 50" అని ఉంది. కార్తీకంలో అమ్మను అదే కారులో అన్నవరం తీసుకువెళ్లాలి. ఏ గేజీ ఉంచాలి? కొత్తది కొనాలంటే నమ్మకమైనది ఎలా తెలుస్తుంది? "నాన్న గేజీ తీసేస్తే ఏదో తప్పు చేసినట్టుంటుంది, ఉంచితే ఇంట్లో గొడవ" అని ముగించారు.

సమాధానం

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "మూడింటిలో బాబాయి పెట్టిన గేజీ చూస్తుంటేనే మనసుకు హాయిగా ఉంది" అని రాశారు. ఉండదా మరి! యాభై నాలుగేళ్లు దాటిన ఇంజను ఐడ్లింగ్‌లో 70 పౌండ్లు చూపిస్తుంటే ఎవరికి హాయిగా ఉండదు? నచ్చిన మాట చెప్పేదాకా జ్యోతిష్కులను మార్చుకుంటూ పోయేవాళ్లు ఉంటారు. గేజీల విషయంలో మీరు ఆ దారిలో కొంతదూరం వచ్చేశారు. కోపం తెచ్చుకోకండి. నా పద్మిని కారు విషయంలో నేనూ ఆ దారిన నడిచినవాణ్ణే.

ఆ హాయినిచ్చే గేజీతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీరు రాసినదాన్ని బట్టి మూడింటిలో తలకిందులుగా ఉన్నది అదే. మూడో పేజీలో, పెద్దగా పట్టించుకోకుండా, ఇంకో మాట రాశారు. తాళం తిప్పగానే, ఇంజను స్టార్టు కాకముందే, ఆ ముల్లు కుడి చివరిదాకా పోతుందని, బాబాయి దాన్ని "టెస్టింగు" అన్నారని. ఇంజను తిరగకుండా ప్రెషర్ ఎక్కడి నుంచి వస్తుంది? పైగా ఐడ్లింగ్‌లో 70 ఉన్నది వేగం పెరిగితే 40కి దిగుతోంది. ఆయిల్ పంపును తిప్పేది ఇంజనే కదా. అది వేగంగా తిరిగితే ప్రెషర్ పెరగాలి, మహా అయితే ఒక చోట ఆగాలి. తగ్గకూడదు.

ఎలక్ట్రిక్ గేజీలో ఆయిలు లోపలికి రాదు. ఇంజనుకు బిగించిన సెండరులో ఒక నిరోధం ఉంటుంది, ప్రెషర్‌ను బట్టి అది మారుతుంది, ఆ మార్పును గేజీ చదువుతుంది. చిక్కు ఎక్కడంటే, ఈ లోకంలో సెండర్లు రెండు కులాలు. యూరప్ పద్ధతి సెండరు ప్రెషర్ లేనప్పుడు సుమారు 10 ఓమ్‌ల దగ్గర మొదలై, ప్రెషర్ పెరిగేకొద్దీ 180 దాకా పెరుగుతుంది. అమెరికా పద్ధతిది 240 దగ్గర మొదలై 33కి తగ్గుతుంది. ఒక పద్ధతి గేజీకి ఇంకో పద్ధతి సెండరు తగిలిస్తే ముల్లు ఎదురు నడుస్తుంది. సున్నా ఉన్నప్పుడు నిండుగా చూపుతుంది, నిండుతున్నకొద్దీ దిగుతుంది. రెండు కొట్లలో రెండు ముక్కలు కొన్నారని మీరే రాశారు. నా అనుమానం బలంగా దీని మీదే.

అనుమానం నిజమో కాదో తేల్చుకోవడానికి ఖర్చు లేదు. ఇంజను ఆపి, సెండరు వైరు తీసి, మల్టీమీటరుతో సెండరు తలకూ దాని ఒంటికీ మధ్య ఓమ్‌లు చూడండి. 10 దగ్గర వస్తే యూరప్ రకం, 240 దగ్గర వస్తే అమెరికా రకం. గేజీ వెనుకో దాని పెట్టె మీదో దాని రకం రాసి ఉంటుంది. పద్ధతి ఒక్కటే అయినా సరిపోదు, కొలత కూడా కలవాలి. 5 బార్ల (బారు అంటే ఒత్తిడికి ఇంకో కొలత) గేజీకి 10 బార్ల సెండరు పెడితే ఉన్న ప్రెషర్‌లో సగమే చూపుతుంది. అందుకే ఎలక్ట్రిక్ రకం కొనేటప్పుడు నా మొదటి షరతు ఒక్కటే: గేజీ, సెండరు ఒకే పెట్టెలో, ఒకే తయారీదారు నుంచి, జతగా రావాలి. ఎంత మంచి పేరున్న కంపెనీదైనా విడి ముక్క తీసుకోకండి.

ఇక నాన్నగారి గేజీ. ఇది పనిచేసే తీరు చెబితే దాని జబ్బు మీకే తెలుస్తుంది. జాతరలో పిల్లలు ఊదే చుట్టబూర చూశారు కదా. చుట్టుకొని ఉన్న కాగితపు గొట్టంలోకి ఊదితే అది చాచుకుంటుంది. ఈ గేజీలో కాగితం బదులు బల్లపరుపుగా నొక్కి వంచిన లోహపు గొట్టం ఉంటుంది. ఆయిల్ ఒత్తిడికి అది పిసరంత చాచుకుంటుంది, ఆ కదలికను చిన్న పళ్లచక్రం ముల్లుకు అందిస్తుంది. ఫ్రాన్సులో యూజీన్ బోర్డాన్ అనే ఆయన 1849లో దీనికి పేటెంటు తీసుకున్నారు. నూట డెబ్బై ఏళ్లు దాటినా బాయిలర్ల మీదా, వెల్డింగు గ్యాస్ సిలిండర్ల రెగ్యులేటర్ల మీదా ఇప్పటికీ ఇదే. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ ఎలా ఉన్నా పట్టించుకోదు. దీని అబద్ధం కూడా సాధారణంగా ఒకే తీరుగా ఉంటుంది. నాకు దీని మీద ఉన్న గౌరవం అందుకే.

మీ అంకెలే చూడండి. నాన్నగారి గేజీ 12 అన్నప్పుడు డిజిటల్ 21 అంది. 38 అన్నప్పుడు 49 అంది. కిందా పైనా తేడా 10కి అటూ ఇటూ ఒకటి. గేజీ లోపల చిలుమో అరుగుదలో ఉంటే తేడా ఒక్కోచోట ఒక్కోలా ఉండేది. ఇంత సమంగా ఉందంటే ముల్లే తన ఇరుసు మీద వెనక్కి జరిగి ఉండవచ్చు. "కానీ ఇంజను ఆపితే ముల్లు సున్నా మీదే నిలుస్తోంది" అని మీరు అంటారు. సున్నా దగ్గర చిన్న పిన్ను ఉంటుంది. ముల్లు దానికి ఆనుకొని ఆగుతుంది. పిన్ను లేకపోతే అది ఇంకా కిందికి, మైనస్ పది దగ్గరికి పోయేదేమో, పిన్ను ఆ సంగతి దాచేస్తోంది. జగ్గంపేట దగ్గర గొట్టం చిట్లి ప్రెషర్ ఒక్కసారిగా పడిపోయినప్పుడు ముల్లు పిన్నుకు గట్టిగా కొట్టుకొని జరిగి ఉంటుందా? అయ్యుండవచ్చు. ముల్లును చూడకుండా ప్రమాణం చేసి చెప్పలేను.

డిజిటల్ గేజీ 21, 49 అంటోంది. నాన్నగారి పుస్తకం 20, 50 అంటోంది. ఈ రెండూ కలిశాయి కాబట్టి డిజిటలే సరైనదని మీరు ఈపాటికి అనుకునే ఉంటారు. అలా అనుకోవాలని నాకూ ఉంది, అందుకే ఆగమంటున్నాను. ముప్పై ఏళ్లలో ఇంజను ఒక్క పౌండు కూడా అరగలేదంటే నమ్మేముందు ఒకసారి పరీక్ష పెట్టాలి.

ఆ పరీక్ష మీ ఊరి లారీ టైర్ల షాపులో జరుగుతుంది. గేజీకి అందేది ఆయిలా గాలా అన్నది దానికి అనవసరం, ఒత్తిడి ఒత్తిడే. నాన్నగారి గేజీని ఊడదీసి, ఒక టీ జాయింటుకు ఒకవైపు దాన్నీ, ఇంకోవైపు డిజిటల్ సెన్సరునూ బిగించి, మూడో వైపు నుంచి గాలి పట్టించండి. లారీ టైర్లకు 100 పౌండ్లకు పైనే గాలి పట్టిస్తారు కాబట్టి వారి దగ్గర ఉన్న గేజీ మనకు కావలసినంత దూరం కొలుస్తుంది. మీ గేజీ స్కేలు దాటకుండా 20, 40, 60 దగ్గర ఆపి మూడు అంకెలూ రాసుకోండి. అన్నిటికన్నా ముందు ఒక్కటి చూడండి: చాలా నెమ్మదిగా గాలి ఎక్కిస్తూ, నాన్నగారి ముల్లు ఏ పౌండు దగ్గర పిన్నును వదిలి కదిలిందో. ఒకటి రెండు పౌండ్లకే కదిలితే నా ఊహ తప్పు. పది దగ్గర కదిలితే మీ 70 వేలు మిగిలినట్టే. ఇంకా కచ్చితంగా కావాలంటే పారిశ్రామికవాడల్లో ప్రెషర్ గేజీలు కాలిబ్రేట్ చేసి కాగితం ఇచ్చే సంస్థలుంటాయి. బాయిలర్ల గేజీలు తెచ్చేవారి మధ్య మీ అంబాసిడర్ గేజీని చూసి నవ్వితే నవ్వనివ్వండి.

ఆ 12 నిజమే అయినా గ్యారేజీ వారిది తొందరే అని నా అభిప్రాయం. బ్రిటన్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి మన అంబాసిడర్‌కు వచ్చిన ఈ ఇంజను కుటుంబానికి వేడి మీద పరుగులో 50 ప్రాంతం, ఐడ్లింగ్‌లో 15కు తగ్గకుండా ఉంటే నిశ్చింత. పాత మెకానిక్కులకు ఇంకో మోటు లెక్క ఉంది, ప్రతి వెయ్యి చుట్లకు 10 పౌండ్లు. ఐడ్లింగ్‌లో ఇంజను వెయ్యి చుట్లు కూడా తిరగదు. ఆ లెక్కన 12 అనేది "గమనించు" అనే అంకె, "విప్పెయ్" అనే అంకె కాదు. బేరింగుల దాకా పోకముందు చూడవలసినవి ఇంకా ఉన్నాయి. ఇంజను పక్కన టోపీలాంటి నట్టు వెనుక, ప్రెషర్ మితిమీరితే ఆయిలును వెనక్కి వదిలే రిలీఫ్ వాల్వు, దాని స్ప్రింగు ఉంటాయి. స్ప్రింగు నీరసించినా, వాల్వు కూర్చునే చోట చెత్త ఇరుక్కున్నా ప్రెషర్ పడిపోతుంది. దాన్ని శుభ్రం చేయడం ఒక పూట పని.

మీరు రాయనిది కూడా ఒకటుంది. ఏ ఆయిలు పోస్తున్నారు? ఈ ఇంజన్లు 20డబ్ల్యూ 40, 20డబ్ల్యూ 50 లాంటి చిక్కటి ఆయిలు తాగి పెరిగినవి. ఎవరో చెప్పారని కొత్త కార్లకు వాడే 5డబ్ల్యూ 30 పోసి ఉంటే, బేరింగులు బాగానే ఉన్నా వేడి మీద ముల్లు దిగుతుంది. అలాగని ముల్లును లేపడానికి ఆముదమంత చిక్కటిది పోయకండి. గేజీ చూపేది ఒత్తిడినే, ఆయిలు బేరింగులకు ఎంత అందుతున్నదో కాదు. మరీ చిక్కగా ఉంటే ముల్లు గొప్పగా లేస్తుంది, పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు బేరింగులు మాత్రం ఎండుతాయి.

ఇప్పుడు గేజీ ఎంపికకు వద్దాం. ఇంటి పెద్దాయన వస్తువు, ఇల్లాలి భయం, బావగారి కానుక, బాబాయి పరువు, నాలుగూ ఆ డాష్‌బోర్డు కిందే ఇరుక్కున్నాయి. కాబట్టి ఒక్కో దారి ఎటు తీస్తుందో చెబుతాను.

పరీక్షలో ముల్లు మాత్రమే జరిగిందని తేలితే నాన్నగారి గేజీనే సరిచేయించి ఉంచుకోవచ్చు. ముల్లును తీసి సరైన చోట పెట్టడం గడియారాలు బాగుచేసే చేయి తిరిగినవారు కూడా చేయగలరు. కానీ గొట్టం సంగతి తేలకుండా దాన్ని తిరిగి బిగించవద్దు, ఎందుకంటే మీ భార్య మాట అక్షరాలా నిజం. రాగి మెత్తని లోహమే అయినా ఏళ్లతరబడి అదురుతూ ఉంటే గట్టిపడి, పెళుసై, సరిగ్గా నట్టు దగ్గరే చిట్లుతుంది. మీ బండిలో జరిగిందదే. ఇంజను రబ్బరు దిమ్మల మీద ఊగుతుంది, కారు ఒళ్లు ఊగదు. ఆ రెండింటినీ బిగుసుగా ఒకే రాగి గొట్టంతో కలిపితే ఇంకేమవుతుంది? ఇంజను దగ్గర ఒక జానెడు అల్లిక రబ్బరు హోసు వేసి, ఆ తరవాతే రాగి గొట్టం మొదలవ్వాలి. రేకులోంచి లోపలికి వచ్చే రంధ్రంలో రబ్బరు బుష్ ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంజను వైపు నిప్పల్‌లో సూదిమొనంత రంధ్రం ఉన్న అడ్డు పెట్టించండి. ప్రెషర్ తెలియడానికి ఆ రంధ్రం చాలు. రేపు గొట్టం మళ్లీ చిట్లినా ఆయిలు చిమ్మదు, కారుతుంది, మీకు బండి ఆపే సమయం దొరుకుతుంది. సన్నని నైలాన్ గొట్టం వేస్తే అదురుకు తట్టుకుంటుంది కానీ వేడికి మెత్తబడుతుంది. మీ ఇంజనులో ఎగ్జాస్టు ఎడమవైపు ఉంటుంది కాబట్టి గొట్టాన్ని కుడివైపు నుంచే తీసుకురండి. ఆయిలు మండే ఎగ్జాస్టు మీద పడితే పోయేది ఒక్క చీర కాదు.

ఇంత చేసినా ఆవిడ ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోవాలని నేను అనను. పాదం కాలింది ఆవిడది. అప్పుడు ఒక మధ్యే మార్గం ఉంది. గేజీని లోపలి నుంచి తీసి బానెట్ కింద, ఇంజనుకు దగ్గరగా రేకు మీద బిగించడం. ఆయిలు లోపలికి రాదు, నాన్నగారి గేజీ బండిలోనే ఉంటుంది, బానెట్ ఎత్తినప్పుడల్లా చూసుకోవచ్చు. నష్టం స్పష్టమే, నడుపుతూ చూడలేరు. నడుపుతున్నప్పుడు కాపలాకు ఇంకొకటి కావాలి.

ఆ ఇంకొకటి జతగా వచ్చిన ఎలక్ట్రిక్ గేజీ కావచ్చు. లోపలికి వచ్చేది ఒక్క వైరే కాబట్టి ఇంట్లో శాంతి. దీని బలహీనత సెండరు. డబ్బాలా బరువుగా ఉండే ఇత్తడి సెండరును నేరుగా ఇంజనుకు బిగిస్తే అదురుకు దాని మెడ విరిగే ప్రమాదం ఉంది, చిన్న హోసుతో దూరంగా క్లిప్పు వేసి పెట్టాలి. అలా పెట్టినప్పుడు సెండరు ఒంటికి విడిగా ఎర్త్ వైరు ఇవ్వాలి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. నేరుగా బిగించినా దాని మర (స్క్రూ చుట్ల) మీద టెఫ్లాన్ టేపు దండిగా చుడితే ఎర్త్ తెగి ముల్లు పిచ్చిపిచ్చిగా ఆడుతుంది, మనం ఇంజనును అనుమానిస్తాం. చవక సెండర్లు ఏడాది రెండేళ్లలో లెక్క తప్పుతాయి కూడా. కొనబోయే ముందు మీ బండిలో బ్యాటరీ ఏ కొస రేకుకు కలిపి ఉందో చూసుకోండి. పాత బ్రిటిష్ వైరింగులో పాజిటివ్ ఎర్త్ ఉండేది. ఇప్పటి ఎలక్ట్రానిక్ గేజీలు దాని మీద బతకవు.

డిజిటల్ గేజీకీ ఆ హెచ్చరిక వర్తిస్తుంది. మూడింటిలో కొలత కచ్చితంగా ఉండే అవకాశం దీనికే ఎక్కువ. అయితే సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజీ పడిపోయి అది ఆరి వెలుగుతుందని మీరు రాశారు. పాత డైనమో ఉన్న బండిలో ఇలాంటివి మామూలే, రిలే, ఫ్యూజు వేసి బ్యాటరీ నుంచి నేరుగా తీసుకుంటే చాలావరకు తగ్గుతుంది. నాకు నచ్చనిది వేరే. నీలం అంకెలు 47, 49, 48 అని గెంతుతుంటే కన్ను వాటిని చదవాలి. ముల్లును చదవనక్కర్లేదు, రోజూ ఉండే వాలులో ఉందో లేదో ఓరకంట తెలిసిపోతుంది. ఇది ముసలివాడి చాదస్తం అనుకోండి. బావగారి మనసు కష్టపెట్టకూడదనుకుంటే దాన్ని శాశ్వతంగా బిగించకుండా పెట్టెలోనే ఉంచి, ఏడాదికి రెండుసార్లు మిగతా గేజీని సరిచూసే కొలమానంగా వాడవచ్చు. టైర్ల షాపు పరీక్షలో నెగ్గితే దానికి అంతకన్నా గౌరవమైన ఉద్యోగం లేదు.

కొత్త మెకానికల్ గేజీ కొనే దారీ ఉంది. దాని గురించి ఎక్కువ చెప్పను, పైన గొట్టం గురించి చెప్పినదంతా దానికీ వర్తిస్తుంది. 0 నుంచి 100 పౌండ్ల స్కేలు తీసుకోండి, మీ మామూలు అంకె మధ్యలో పడుతుంది. ముల్లు మరీ వణికేది, సున్నా దగ్గర పిన్ను వెనుక దాక్కునేది వద్దు. కొలత బార్లలో ఉంటే ఒక బారుకు 14.5 పౌండ్లు.

ఏ దారి పట్టినా మర దగ్గర జాగ్రత్త. నా పద్మినికి ఒకసారి తొందరపడి దొరికిన అడాప్టరు బిగించాను. రెండు చుట్లు వెన్నలా వెళ్లింది. మూడో చుట్టుకు బిగుసుకుంటే "సీలు బాగా పడుతోంది" అని మురిసిపోయి స్పానరు మీద బలం పెట్టాను. మర పోయింది. ఎనిమిదో వంతు అంగుళం మరల్లో బ్రిటిష్ రకానికి అంగుళానికి 28 పళ్లు, అమెరికా రకానికి 27. చూపుకు కవల పిల్లలు. డాలస్ నుంచి వచ్చిన సెన్సరు అమెరికా మరతో వచ్చి ఉంటే, మీరు పరీక్షకు ఎలా బిగించారో తలచుకుంటేనే నాకు భయంగా ఉంది. ఇంకోసారి పెట్టేముందు లేత్ షాపులో మర గేజీతో కొలిపించండి. ఇనుప బ్లాకులో మర పోతే 70 వేల మాట మళ్లీ మొదలవుతుంది.

ఒక్క విషయంలో మాత్రం మీకు ప్రత్యామ్నాయాలు చెప్పబోవడం లేదు. ఆ ఎర్ర లైటు స్విచ్ తిరిగి పెట్టించండి. టీ జాయింటు వేస్తే గేజీ, లైటు రెండూ ఉంటాయి. జాతీయ రహదారి మీద లారీని దాటుతూ ఎవరూ గేజీ చూడరు, ఎర్ర లైటు వెలిగితే చూస్తారు. దానికీ ఒక లోపం ఉంది, చాలా స్విచ్‌లు ప్రెషర్ 5 పౌండ్ల దరిదాపులకు పడిపోయాక గానీ లైటు వెలిగించవు, అప్పటికి ఆలస్యమే. 15 పౌండ్ల దగ్గర పనిచేసే ప్రెషర్ స్విచ్ పెట్టి చిన్న బజరు తగిలిస్తే ఇంకా మంచిది, ఐడ్లింగ్‌లో అప్పుడప్పుడూ అరిచినా సరే. నిజానికి గేజీ లేకుండా లైటూ బజరూ మాత్రమే ఉంచుకొని, ఆర్నెల్లకోసారి బయటి గేజీతో చూసుకుంటూ బండి నడిపేవారున్నారు. అదీ ఒక దారే. మీరు మాత్రం నాన్నగారి పుస్తకాన్ని ముప్పై ఏళ్ల తరవాత తెరిచి చూసిన మనిషి, అంకె కనిపించకపోతే నిద్రపోరని నా అనుమానం.

బాబాయి సంగతి. గేజీ తలకిందులైందని ఆయనకు మీరు చెప్పకండి. మల్టీమీటరు ఆయన చేతికే ఇచ్చి, "బాబాయ్, ఈ సెండరు ఎన్ని ఓమ్‌లు చూపుతుందో ఒకసారి చూస్తావా" అని అడగండి. ఇంజను బాగుందని మొదటి రోజే అన్న ఒక్క మనిషి ఆయనే. పరీక్షలో అది నిజమని తేలితే ఆ మాట నలుగురిలో అనండి, సెండరు పొరపాటు దానంతటదే సర్దుకుంటుంది. గ్యారేజీ వారితో వాదన అక్కర్లేదు. టైర్ల షాపు అంకెలు వచ్చేదాకా ఇంజను విప్పవద్దని చెబితే చాలు.

అన్నవరానికి ఇంకా సమయం ఉంది. ముందు అమ్మ లేకుండా, బాబాయిని పక్కన కూర్చోబెట్టుకొని ఒకసారి రత్నగిరి ఎక్కి రండి. రెండో గేరులో మెట్ట ఎక్కి, పైన ఆపి, ఇంజను ఆపకుండా ఐడ్లింగ్‌లో ఉంచి చూసిన అంకెకే విలువ. ఆయిలు అంత పల్చబడేది అప్పుడే. పరీక్షించిన గేజీ అక్కడ 15కు పైన నిలిస్తే అమ్మను తీసుకువెళ్లండి. తగ్గితే ముందు రిలీఫ్ వాల్వు, ఆయిలు చూసుకోండి, ఈసారికి బస్సులో వెళ్లండి.

ముల్లు పిన్నును ఎన్ని పౌండ్ల దగ్గర వదిలిందో నాకు తప్పకుండా రాయండి. అది 10 దరిదాపుల్లో కాకపోతే ఈ సమాధానంలో సగం నేను మళ్లీ రాయవలసి ఉంటుంది.